పై అంతస్తు పిల్లలు

ఆ భవనం ఒకప్పుడు ఆస్పత్రి. ఊరి బయట కొత్తది కట్టాక దీన్ని మూసేసి చాలాకాలం పావురాలకు వదిలేశారు. సరిహద్దు దాటి జనం వచ్చిపడ్డాక వాళ్ళను ఎక్కడ సర్దాలో తోచక, తాళాలు తీసి అందులో దింపారు. తలుపుల మీది పాత పేర్లు తుడిచే తీరిక ఎవరికీ లేకపోయింది. అందుచేత అక్కడి చిరునామాలు వింతగా ఉండేవి. ఒక సంసారం రక్తపరీక్ష గదిలో, మరొకటి ప్రసూతి వార్డులో చెక్కల అడ్డుగోడ వెనక, ఇంకొకటి కట్లు కట్టే గదిలో. "మా ఆయన శవాల గదికి పేకాటకెళ్ళాడు" అని ఒకావిడ అంటే ఎవరూ ఉలిక్కిపడేవాళ్ళు కాదు, నవ్వేవాళ్ళూ కాదు.

కింద, రోగులు తమ వంతు కోసం కూర్చునే పెద్ద హాలును చిన్నపిల్లల బడి చేశారు. గోడలకు పసుపు రంగు వేశారు. నేల మీద చాపలు, ఒక మూల ఇసుక తొట్టి, ఇంకో మూల చెక్క దిమ్మలు, కిటికీ కింద పిల్లలు పడుకోవడానికి బొంతలు. బడిలో చోటు కొద్దిమందికే ఉంది. భవనంలో ఆ వయసు పిల్లలు అంతకు రెట్టింపు ఉన్నారు. దాంతో చీటీలు తీశారు. చీటీ తగిలిన పిల్లలు కిందికి వెళ్ళారు, తగలనివాళ్ళు పై అంతస్తుల్లోనే ఉండిపోయారు. ఏడాది తిరిగాక ఈ పిల్లలకూ ఆ పిల్లలకూ తేడా ఎంతో కొలవాలి. తేడా గట్టిగా కనిపిస్తే పైనున్నవాళ్ళకూ చోటిస్తామని, ఇలాంటి బళ్ళు ఇంకా చాలాచోట్ల తెరుస్తామని బడిని పోషిస్తున్న సంస్థ మాటిచ్చింది. కనిపించకపోతే ఈ బడికీ డబ్బు ఆపేస్తామంది.

కొలిచే పని బొమ్మలక్కది.

ఆ పేరు పిల్లలు పెట్టిందే. భుజాన సంచీ, సంచీలో బొమ్మల అట్టలు, చేతిలో టాబ్. ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో అట్టా చూపించి ఇదేమిటి, అదేమిటి అని అడిగి జవాబు టాబ్‌లో ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఆ వచ్చినవాళ్ళ భాష ఆమెకు వచ్చు. ఎందుకంటే ఎప్పుడో వెనకటి గొడవల్లో వాళ్ళమ్మ ఇదే సరిహద్దును ఆమెను చంకనేసుకుని దాటింది. ఇప్పుడు ముసలావిడకు మోకాళ్ళు పనిచేయవు కానీ నోటికి ఏ నొప్పీ లేదు.

"నిన్నెత్తుకుని వచ్చినప్పుడు నీకెవరూ గొడుగు బొమ్మ చూపించి ఇదేంటని అడగలేదే. అయినా పెరిగావుగా?" అనేది ఆవిడ, కూతురు సంచీ సర్దుకుంటుంటే.

"పెరిగాను కాబట్టే ఇలా గుమ్మాలు పట్టుకు తిరుగుతున్నానమ్మా."

"అదీ నిజమేలే. తలుపేసి వెళ్ళు."

ఈ అధ్యయనం నడిపించే ప్రొఫెసర్‌ను సర్వేవాళ్ళంతా చాటుగా సగటు సారు అనేవాళ్ళు. ఏ మాట మొదలుపెట్టినా 'సగటున' అనకుండా ఉండలేడు. సగటున వాన పడొచ్చు అనేవాడు. మనిషి మంచివాడు, ఆ పిల్లల మీద నిజంగానే ప్రేమున్నవాడు. పని మొదలైన రోజు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మనసు కరిగి ఇచ్చినవాడు మనసు మారితే ఆపేస్తాడు. రుజువు చూసి ఇచ్చినవాడు అంత తేలిగ్గా ఆపలేడు. మనం ఈ పిల్లలకు సంపాదించిపెట్టేది ఆ రుజువు. అందుకని మీకు జాలేసినా సరే, ఉన్నది ఉన్నట్టు రాయండి."

బొమ్మలక్కకు ఆ మాట నచ్చింది. జాలితో ఇచ్చేవాళ్ళు ఎలా ఆపేస్తారో ఆమె చిన్నప్పుడే చూసింది.

*

ఎక్స్‌రే గది రెండో అంతస్తు చివర ఉండేది. దాని తలుపుకు లోపల సీసం రేకు పొదిగి ఉండటంతో భుజం ఆనించి నెడితే తప్ప కదిలేది కాదు. కిటికీ లేదు. ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఒక పడుచు తల్లి కూతురితో ఉండేది. భవనంలోని చిరుగులన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. ఆస్పత్రి మూతపడ్డాక ఇక్కడ కుట్లు వేసేది ఈవిడొక్కతే అని ఎవరో అన్నారు. అప్పట్నుంచి ఆమె పేరు కుట్లమ్మ అయిపోయింది. భర్త సరిహద్దు అవతల ఉన్నాడు. ఉన్నాడనే ఆమె చెప్పేది, ఎదుటివాళ్ళు అంతకంటే అడిగేవాళ్ళు కాదు.

కూతురికి నాలుగేళ్ళు దాటాయి. దాన్ని అందరూ వసపిట్ట అనేవాళ్ళు. ఆ పేరెందుకు వచ్చిందో బొమ్మలక్క గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసింది.

"నీ సంచీలో ఏముంది? పిల్లి ఉందా? మా ఊళ్ళో పిల్లుంది. దానికి మీసాలున్నాయి, మా తాతకు లేవు. నువ్వు డాక్టరువా? ఇది డాక్టరు గదంట. ఇక్కడ నిలబడితే ఎముకలు కనిపిస్తాయంట. నావి కనిపిస్తున్నాయా?"

"ఊపిరి తీసుకోవే తల్లీ" అంది కుట్లమ్మ, మిషను ఆపి లేస్తూ. "ఏమనుకోకండక్కా. దీని నోరు మూతపడదు. నిద్రలో కూడా ఎవరితోనో వాదిస్తుంది."

బొమ్మలక్క తను వచ్చిన పని చెప్పింది. చీటీలో వసపిట్టకు బడి రాలేదనీ, పోలిక పిల్లల్లో పడిందనీ చెప్పింది.

"పోలికా? ఎవరి పోలిక? దానిది అచ్చం వాళ్ళ నాన్న పోలికే" అంది కుట్లమ్మ.

బొమ్మలక్కకు నవ్వొచ్చింది. "ఆ పోలిక కాదమ్మా. బడికి వెళ్ళే పిల్లలతో వెళ్ళని పిల్లల్ని పోల్చి చూస్తాం. మీ పాప వెళ్ళనివాళ్ళ వైపు."

కుట్లమ్మ చాప దులిపి పరిచింది, కూతురి మొహం కొంగుతో తుడిచింది, తను మిషను వెనక గోడకానుకుని కూర్చుంది. అక్కడినుంచి అట్టలన్నీ కనిపిస్తాయి.

బొమ్మలక్క ఒక్కో అట్టా తీసింది. గొడుగును వసపిట్ట గుర్తుపట్టింది, పైగా అది విరిగితే దాని పుల్లతో ఏమేం చేయొచ్చో కూడా చెప్పింది. నిచ్చెన బొమ్మ చూపిస్తే, "మా నాన్న ఎక్కుతున్నాడు" అంది.

"ఇందులో నాన్న లేడుగా?"

"పైకెక్కేశాడు. అందుకే కనపట్లేదు."

టాబ్‌లో ఆ జవాబుకు సున్నా. 'నిచ్చెన' అంటేనే మార్కు. చివరి అట్టలో పగిలిన కుండ, పక్కన ఏడుస్తున్న పాప, వెనక నిలబడ్డ తల్లి. ఏం జరిగిందో కథలా చెప్పాలి. వసపిట్ట గుక్కతిప్పుకోకుండా చెప్పింది. కుండలో ఒక చేప ఉందట. చేపకు ఊపిరాడక కుండను తనే పగలగొట్టుకుందట. పాప ఏడుస్తున్నది కుండ కోసం కాదట, చేప చెప్పకుండా వెళ్ళిపోయినందుకట. వెనకున్నావిడ అమ్మ కాదు, చేపను వెతకడానికొచ్చిన పోలీసు. కథ ఇంకా సాగేదే కానీ బొమ్మలక్క పడిపడి నవ్వి అట్ట మూసేసింది. సందర్భానికి తగిన వాక్యాలు ఎన్ని అని టాబ్ అడిగింది. బొమ్మలక్క ఆలోచించి ఒకటి వేసింది.

"పాసయిందా అక్కా?" అంది కుట్లమ్మ.

"ఇది పరీక్ష కాదమ్మా. పాసూ లేదు, ఫెయిలూ లేదు. ఊరికే పిల్లలకు ఏం వచ్చో చూస్తాం."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఏడాది తర్వాత."

"ఇవే బొమ్మలా?"

"ఇవే. కానీ దీన్నిబట్టి సీటు ఇవ్వరమ్మా. నా మాట నమ్ము. చీటీ చీటీయే."

కుట్లమ్మ తల ఊపింది. ఆ ఊపడంలో నమ్మకం లేదని బొమ్మలక్క కనిపెట్టి, ఇంకోసారి చెప్పబోయింది. కుట్లమ్మ అడ్డుపడింది.

"అర్థమైందక్కా. మీరు అలాగే చెప్పాలి, మీ తప్పేం లేదు. సరిహద్దు దగ్గర కూడా ఊరికే నాలుగు మాటలు మాట్లాడతామనే కూర్చోబెట్టారు. పరీక్షేం కాదన్నారు. ఆ నాలుగు మాటలకే మా మరిదిని వెనక్కి పంపించేశారు."

బొమ్మలక్క అట్టలు సంచీలో సర్దుకుని లేచింది. వసపిట్ట మెట్ల దాకా వెంటవచ్చి, చేపకు తర్వాత ఏమైందో చెప్పి పంపింది.

*

ఆ ఏడాదంతా బొమ్మలక్క అప్పుడప్పుడూ కింది బడికి వెళ్ళేది, పిల్లల హాజరు చూసుకోవడానికి. బడి నడిపే టీచరమ్మ కూడా అవతలినుంచి వచ్చినావిడే. గొంతు బొంగురు, నడక దురుసు, పిల్లలు మాత్రం ఆమె కాళ్ళకు చుట్టుకుని తిరిగేవాళ్ళు. హాలుకూ మెట్లకూ మధ్య ఇనుప గేటు ఒకటి ఉండేది. పాఠం జరిగేటప్పుడు దాన్ని మూసి ఉంచాలని అధ్యయనం నియమం. పైపిల్లలు వచ్చి కూర్చుంటే కొలత చెడిపోతుంది.

"పొద్దున్నే వచ్చి మెట్లమీద వరసగా కూర్చుంటారు, పక్షుల్లాగ" అని టీచరమ్మ గేటువైపు చూపించింది. "పాట ఎత్తుకుంటే వాళ్ళూ అందుకుంటారు. గొంతులకు కూడా తాళం వేయమంటారా మీ సారు?"

"నన్నడిగితే నేనేం చెప్పను?"

"నువ్వేం చెప్తావులే. నువ్వూ నాలాంటిదానివే."

బడికి మొదట్లో వచ్చినప్పుడు ఒక పిల్లవాడు చెప్పులు విప్పేవాడు కాదు. పడుకున్నా వేసుకునే పడుకునేవాడు, ఎవరైనా ముట్టుకుంటే కెవ్వున అరిచేవాడు. పరుగెత్తాల్సి వస్తుందేమోనని వాడి భయం. ఒకసారి బొమ్మలక్క వెళ్ళేసరికి వాడు బొంత మీద బోర్లా పడి నిద్రపోతున్నాడు. పాదాలు రెండూ బయటికి ఉన్నాయి, ఒట్టి పాదాలు. ఆమె చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. తన టాబ్‌లో ఆ విషయం నొక్కడానికి ఎక్కడా చోటు లేదని వెళ్ళిపోయేటప్పుడు తట్టింది.

ఏడాది తిరిగింది. కొలత మళ్ళీ మొదలైంది. కిందిపిల్లలు బాగానే చెప్పారు. రంగులు, అంకెలు, బొమ్మల పేర్లు. చెప్పులబ్బాయి కూడా సగానికి పైగా చెప్పాడు. ఆ అట్టలను వాళ్ళకు ముందే ఎవరూ చూపించలేదు కనుక కొన్నిచోట్ల తడబడ్డారు. నిచ్చెనను మెట్లన్నవాళ్ళు ఉన్నారు. పోయినసారితో పోలిస్తే ఎంతో నయం. బొమ్మలక్క తేలిక మనసుతో మెట్లెక్కింది.

మొదటి అంతస్తులో, కట్లు కట్టే గదిలో, ఒక బుడ్డోడిని కూర్చోబెట్టుకుని సంచీలోంచి అట్టల కట్ట తీసింది. ఇంకా మొదటిది తిప్పనేలేదు.

"గొడుగు" అన్నాడు వాడు.

"ఇంకా చూపించలేదు నాన్నా."

"గొడుగు. నిచ్చెన. తాళంచెవి. కోడిపుంజు. కత్తెర" అన్నాడు వాడు ఒక్క ఊపిరిలో, కట్టలో ఉన్న వరసలోనే. తల్లి గుమ్మంలో నిలబడి పెదాలు కదుపుతోంది.

పక్క గదిలోనూ అంతే. రక్తపరీక్ష గదిలో కవలపిల్లలు పోటీపడి చెప్పారు. ఆమె మిగతా గదులు వదిలేసి తిన్నగా ఎక్స్‌రే గదికి వెళ్ళి తలుపు నెట్టింది.

గోడకు ఈ చివరినుంచి ఆ చివరికి తాడు కట్టి ఉంది. తాడుకు గుడ్డముక్కలు వరసగా తగిలించి ఉన్నాయి. ప్రతి ముక్క మీదా బట్టలకు గీత పెట్టే సుద్దతో ఒక బొమ్మ. గొడుగు, నిచ్చెన, తాళంచెవి, కోడిపుంజు, కత్తెర. చివర పగిలిన కుండ. ఒక్కసారి, మిషను వెనకనుంచి చూసి గీసినవి. సుద్ద చెరిగిపోతే మళ్ళీ మళ్ళీ గీసినట్టు గీతలు లావెక్కి ఉన్నాయి.

"రోజూ సాయంత్రం అందరి పిల్లల్నీ ఇక్కడే కూర్చోబెడుతున్నానక్కా" అంది కుట్లమ్మ. మొహం వెలిగిపోతోంది. "నా ఒక్క పిల్లకే చెప్పుకుంటే పాపం కదా. కింద పాడే పాటలు కూడా మెట్లమీద కూర్చుని పట్టేశాం. చూడండి, ఇంక దేనికీ వెనకబడరు."

వసపిట్ట చాపమీద తయారుగా కూర్చుని ఉంది. జుట్టు నున్నగా దువ్వి, రెండు జడలు బిగించి, చేతులు కట్టుకుని. బొమ్మలక్కను చూసి నవ్వింది కానీ లేవలేదు, పలకరించలేదు. అట్టలు చూపిస్తుంటే ఒక్కోదానికి ఒక్కో మాట చెప్పింది. నిచ్చెనకు నిచ్చెన అంది.

కుండ బొమ్మ వచ్చింది.

"పాప కుండ పగలగొట్టింది. అమ్మ తిట్టింది. పాప ఏడ్చింది. ఇంకెప్పుడూ పగలగొట్టనని చెప్పింది."

"తర్వాత?"

వసపిట్ట తల్లివైపు చూసింది. "అంతే."

"చేప ఏమైందే?"

"చేప లేదు" అంది వసపిట్ట. చెప్పి, తప్పు మాటేమైనా అన్నానా అని మళ్ళీ తల్లి మొహం చూసింది.

టాబ్ పూర్తి మార్కులు చూపించింది.

*

బొమ్మలక్క మెట్లమీద కూర్చుని సగటు సారుకు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. పైనున్న పిల్లలకు అట్టలన్నీ కంఠతా వచ్చేశాయని, వచ్చింది అవి మాత్రమేనని, ఇప్పుడు కొలిస్తే తేడా కనిపించదని.

"ఎంతమంది?"

"దాదాపు అందరూ సార్. ఆవిడ ఎవరినీ వదల్లేదు."

"మీరు వాళ్ళకు ఇది పరీక్ష కాదని చెప్పారు కదా?"

"చెప్పాను. నమ్మలేదు. వాళ్ళు నమ్మకపోవడానికి కారణాలున్నాయి సార్."

"వేరే అట్టలు తీసుకెళ్తే?"

"అదే అడగాలని చేశానండి."

"కుదరదు" అన్నాడాయన తనకు తనే జవాబు చెప్పుకుంటున్నట్టు. "కిందివాళ్ళను ఒకదానితో కొలిచి పైవాళ్ళను ఇంకోదానితో కొలిస్తే అది కొలతే కాదు. అందరికీ మొదట్నుంచీ చేయడానికి గడువు లేదు, సంస్థవాళ్ళు ఒప్పుకోరు. మీరు ఉన్నది ఉన్నట్టు పూర్తిచేయండి. ఇలా జరిగిందని నేను రిపోర్టులో రాస్తాను, వాళ్ళకు వివరిస్తాను. అర్థంచేసుకోలేని వాళ్ళేం కాదు."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె అక్కడే కూర్చుంది. ఇంకా చాలా గదులు మిగిలి ఉన్నాయి. పిల్లవాడు నిచ్చెన అంటే తను 'తప్పు' అని నొక్కితే సరిపోతుంది. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. అలా నాలుగైదు గదుల్లో చేస్తే కింది బడి నిలబడుతుంది. బడి నిలబడితే ఈ పిల్లలే రేపు ఆ బొంతల మీద పడుకుంటారు. ఇంత సులువైన మంచిపని తన చేతికి ఎప్పుడూ రాలేదు.

తర్వాతి గదిలో ఒక పిల్ల ఎదురుగా కూర్చుంది. స్నానం చేయించి, ఉన్నవాటిలో మంచి గౌను తొడిగారు. నిచ్చెన అట్ట చూపించగానే 'నిచ్చెన' అని, సరిగ్గా చెప్పానా అన్నట్టు కళ్ళింత చేసుకుని చూసింది. బొమ్మలక్క వేలు 'తప్పు' మీదికి వెళ్ళింది. ఆ పిల్ల చూపు ఇంకా తన మొహం మీదే ఉంది. వేలు పక్కకు జరిగింది. ఆ తర్వాత ఏ గదిలోనూ ఆమె ఆ ప్రయత్నం చేయలేదు.

*

రిపోర్టు చదవడానికి సంస్థ తరఫున ఒకావిడ వచ్చింది. సగటు సారు పట్టుబట్టి బొమ్మలక్కను కూడా ఆ సమావేశానికి పిలిచాడు. పొడుగాటి బల్ల, గాజు గ్లాసుల్లో నీళ్ళు, గోడమీద వెలుగులో రెండు గీతలు. ఒకటి కిందిపిల్లలది, ఒకటి పైపిల్లలది. రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి.

సగటు సారు నుదురు తుడుచుకుంటూ చాలాసేపు వివరించాడు. 'సగటున' అనే మాట ఆ రోజు ఒక్కసారి కూడా ఆయన నోటినుంచి రాలేదు. ఆవిడ ఓపిగ్గా వింది. చెడ్డమనిషిలా లేదు, మధ్యమధ్యలో తల ఊపుతూ రాసుకుంది కూడా.

"ఒక రకంగా ఇది శుభవార్తే కదండీ!" అంది చివరికి. "తల్లులు తమంతట తాము ఇంత చక్కగా నేర్పుకుంటున్నారు. బడి లేకుండానే పిల్లలు అక్కడికి చేరుకున్నారు. ఆ తల్లుల పట్టుదలకు నిజంగా చేతులెత్తి మొక్కాలి."

"వాళ్ళు నేర్పింది ఆ బొమ్మలేనండి" అంది బొమ్మలక్క. మాట్లాడమని ఎవరూ అడగలేదు. "సీటు వస్తుందని నేర్పారు. అట్టల వరస మార్చి అడిగితే కొందరు చెప్పలేరు. పైనున్న పిల్లలకు ఇసుకలో ఆడటం తెలియదు. మాట్లాడే పిల్లలు మాట్లాడటం మానేశారు."

"మాట్లాడటం మానేశారని మీరు కొలిచారా?"

"కొలవలేదు. చూశాను."

ఆవిడ జాలిగా నవ్వింది. "నాకు అర్థమవుతోందండి. కానీ నేను వెనక్కి వెళ్ళి మావాళ్ళకు చూపించాల్సింది ఈ గీతలే."

సగటు సారు తల దించుకుని గ్లాసులో నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. బయటికి వచ్చాక మెట్ల దగ్గర బొమ్మలక్కతో, "నేను రాసిందంతా అందులో ఉంది, చివరి పేజీల్లో. ఆవిడ అక్కడిదాకా చదివిందో లేదో" అన్నాడు.

"చదివితే మాత్రం సార్?"

ఆయన కారెక్కాడు.

ఇంట్లో వాళ్ళమ్మ సంగతంతా విని, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ, "నాలుగు తప్పులు పెట్టి ఉంటే నీ సొమ్మేం పోయేదే?" అంది.

"పెట్టబోయానమ్మా. చేయి రాలేదు."

"సరిహద్దు దగ్గర నీ వయసు రెండేళ్ళు తక్కువ చెప్పాను నేను. చంటిపిల్లలున్నవాళ్ళను ముందు వదులుతున్నారని. నిజం చెప్పి ఉంటే మనం ఇప్పుడు ఎక్కడుండేవాళ్ళమో." నూనె గిన్నె పక్కకు నెట్టి, "అయినా నీకు నిజం చెప్పడం నేర్పింది నేనేలే. నన్నేం అనకు" అంది.

*

బడి మూసే రోజున సామాన్లు లెక్క చూసి అప్పజెప్పడానికి బొమ్మలక్కనే పంపారు. టీచరమ్మ చెక్క దిమ్మలు పెట్టెలో పడేస్తోంది. పేర్చడంలేదు, విసిరేస్తోంది. ఇసుక తొట్టి ఖాళీ చేసేశారు. బొంతలు చుట్టి తాడు కట్టారు. చెప్పులబ్బాయి ఆ చుట్టల మీద చెప్పులతో సహా కూర్చుని, దిగమంటే దిగనని మొండికేశాడు. వాళ్ళమ్మ ఎత్తుకుపోయింది.

ఇనుప గేటు మొదటిసారి బార్లా తెరిచి ఉంది.

అప్పుడే కుట్లమ్మ వసపిట్టను చేయిపట్టుకుని దిగింది. ఇద్దరూ శుభ్రంగా తయారై ఉన్నారు. పిల్ల భుజాన గుడ్డముక్కలు అతికి కుట్టిన కొత్త సంచీ వేలాడుతోంది. ఏడాది అయిపోయింది, ఫలితాలు వచ్చాయి, గేటు తీశారని ఎవరో చెబితే విని వచ్చింది. హాలు మధ్యదాకా వచ్చాక పెట్టెలు చూసి ఆగిపోయింది.

"వేరేచోటికి మారుస్తున్నారా అక్కా?"

"లేదు. మూసేస్తున్నారు."

"మా పిల్ల సరిగ్గా చెప్పలేదా?"

"బాగా చెప్పింది. అన్నీ చెప్పింది. నువ్వు నేర్పిన పిల్లలందరూ అన్నీ చెప్పారు."

"మరి?"

బొమ్మలక్క ఆమెను పక్కకు తీసుకెళ్ళి, ఇంక తిరుగుడు మాటలు లేకుండా ఉన్నదంతా చెప్పింది. కిందివాళ్ళకూ పైవాళ్ళకూ తేడా కనిపించి ఉంటే బడి ఉండేదని, కనిపించలేదు కాబట్టి బడి అక్కర్లేదన్నారని. టీచరమ్మ దిమ్మలు విసరడం ఆపి వింది.

కుట్లమ్మ చుట్టి కట్టిన బొంతల వైపు చూసింది.

"అంటే మా పిల్లలు తప్పులు చెప్పాలన్నమాట."

"అవును."

"తప్పులు చెప్పి ఉంటే ఇప్పుడు ఇందులో కూర్చునేవాళ్ళు."

"కూర్చునేవాళ్ళేమో."

"మరి ఆ మాట ముందే చెప్పొచ్చు కదక్కా" అంది కుట్లమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "తప్పులే నేర్పించేదాన్ని."

"పరీక్ష కాదని చెప్పాను చెల్లీ."

"చెప్పారు. అందరూ అలాగే చెప్తారు."

టీచరమ్మ పెట్టెలోంచి నాలుగు దిమ్మలు తీసి వసపిట్ట సంచీలో పడేసింది. "ఇవి లెక్కలో తక్కువొస్తే పోయాయని చెప్పుకో" అంది బొమ్మలక్కతో. బొమ్మలక్క తలూపింది. కుట్లమ్మ ఆ దిమ్మలు ఒక్కొక్కటే బయటికి తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

"వద్దమ్మా. రేపు ఇంకెవరో వచ్చి ఇవెక్కడివని అడుగుతారు" అని, కూతుర్ని తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఎక్స్‌రే గది ఖాళీ అయింది. పై అంతస్తుల్లో కొందర్ని దూరంగా ఇంకో ఊరికి తరలించారు. అందులో ఆ తల్లీకూతుళ్ళు ఉన్నారని బొమ్మలక్కకు టీచరమ్మ ద్వారా తెలిసింది. టీచరమ్మ అప్పటికి ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది.

సగటు సారు మరుసటి ఏడాది ఇంకో అధ్యయనం మొదలుపెట్టాడు. బొమ్మలక్కను పిలిచి మిగతా సర్వేవాళ్ళ మీద పెద్దగా ఉండమన్నాడు. వద్దనడానికి ఆమెకు చేతిలో ఇంకో పని లేదు. శిక్షణ రోజున ఆయన కొత్తవాళ్ళకు చెప్పాడు. వెనకటి పని నుంచి ఒక గొప్ప పాఠం నేర్చుకున్నామని, బడి ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ ఒకే కప్పుకింద ఎప్పుడూ ఉంచకూడదని. ఈసారి బడి ఒక భవనంలో, పోలిక పిల్లలు వేరే భవనంలో. మధ్యలో లారీలు తిరిగే పెద్ద రోడ్డు. ఎవరి పాట ఎవరికీ వినపడదు. అట్టలు కూడా మార్చారు.

పోలిక భవనం బొమ్మలక్క వంతుకు వచ్చింది. మొదటి తలుపు కొట్టగానే ఒక తల్లి తీసింది. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇంకో పిల్ల. సంచీనీ టాబ్‌నూ చూడగానే ఆమె మొహంలో కదలిక వచ్చింది. దారిచ్చి, చాప కోసం లోపలికి తిరిగింది.

"రోడ్డవతల బడి నుంచేనా? మా పాపకు సీటు వస్తుందా అండీ?"

"రాదు" అంది బొమ్మలక్క, గుమ్మం బయటే నిలబడి. "నేను అడిగేవాటికి జవాబులు చెప్పినా రాదు. ఎంత బాగా చెప్పినా రాదు. చెప్పకపోయినా రాదు."

ఆ తల్లి చాప పట్టుకునే ఆమె మొహం వంక చూసింది. తర్వాత చాపను గోడకానించి, వచ్చి నెమ్మదిగా తలుపు వేసుకుంది.

బొమ్మలక్క టాబ్‌లో 'ఒప్పుకోలేదు' అన్నచోట నొక్కి పక్క తలుపు దగ్గరికి నడిచింది.